ఇరవైనాలుగో నిమిషం

కాలేజీ వెనక మెషిన్ గది, మధ్యాహ్నం ఒంటిగంట. షుగర్‌కి మందవుతుందని ఆరేళ్ళుగా ఒకే ఒక్క ఆకుని నమ్ముకున్న వదినా, ఆ ఆకు రసాన్ని, అందులో ఏమేముందో కాగితం మీద గీతగా చూపించే మెషిన్‌లో నడిపే ఆడపడుచూ ఎదురెదురుగా నిలబడి ఉన్నారు. మూడింటికి వదిన పై అంతస్తులో కమిటీ ముందుకి వెళ్ళాలి. తలుపుకి గొళ్ళెం పెట్టి ఉంది, పెట్టింది ఆడపడుచే.

"ఆ మాట ఇంకోసారి అను."

"ఎన్నిసార్లు అన్నా అదే మాట వదినా. అది ఆకులోది కాదు."

"ఇది ఇల్లు కాదు. ఇక్కడ మేడమ్ అను."

"అది ఆకులోది కాదు మేడమ్."

"మరెక్కడిది? ఆకాశంలోంచి ఊడిపడిందా?"

"డబ్బాలోంచి."

"ఏ డబ్బా?"

"నువ్వు ఆకుపొడి నానబెట్టే డబ్బా. తెల్లది, నీలం మూతది. మెత్తటి ప్లాస్టిక్. అది అలా వంగాలని తయారుచేసేటప్పుడే అందులో ఏదో కలుపుతారు. సాల్వెంట్ పోసి మూడు రోజులు మూత పెడితే అది మెల్లగా దిగిపోతుంది. దాన్నే మనం వడగట్టి మెషిన్‌కి ఇస్తున్నాం. ఇరవైనాలుగో నిమిషంలో గీత నిట్టనిలువుగా లేస్తుందే, ఆ పీక్ అదే."

"ఆ పీక్ నా ఆరేళ్ళ కష్టం."

"కష్టం నీదే. పీక్ మాత్రం డబ్బాది."

"నోరు అదుపులో పెట్టుకో."

"పెట్టుకున్నాను. నాలుగు రోజులు పెట్టుకున్నాను. ఇదిగో, మూడు కాగితాలు. నన్ను తిట్టేముందు వీటిని చూడు. మొదటిది, మన డబ్బాలో నానిన ఆకు. పీక్ ఉంది. రెండోది, అదే డబ్బాలో ఆకు వెయ్యకుండా ఉత్త సాల్వెంట్ మూడు రోజులు ఉంచాను. పీక్ ఉంది. అంతే ఎత్తు. మూడోది, అదే ఆకు, అదే సాల్వెంట్, గాజు సీసాలో. చూడు."

"చూశాను."

"ఇరవైనాలుగు దగ్గర ఏముంది?"

"ఏమీ లేదు. అయితే? నీకు నడపడం రాలేదు. చెయ్యి తిరగలేదు."

"ఆరేళ్ళుగా ఇదే చెయ్యి. నీకు కావలసిన పీక్ వచ్చినన్నాళ్ళూ బంగారం లాంటి చెయ్యి అన్నావు."

"ఎవరు చెయ్యమన్నారు నిన్ను? నా ఆకు ముట్టుకుని, నా సాల్వెంట్ ఒలకబోసి, నా వెనకాల గూఢచారిలాగా... ఎవరు చెయ్యమన్నారు?"

"ఎవరూ చెయ్యమనలేదు. మెషిన్ బాగుచెయ్యడానికి వచ్చినతను ఆ పీక్ చూసి నవ్వాడు. 'ఈ చుట్టం మీ ఇంటికి కూడా వచ్చాడా' అన్నాడు. ఏ ల్యాబ్‌కి వెళ్ళినా ఎక్కడో ఒకచోట కనిపిస్తూనే ఉంటుందట. నేనూ నవ్వేశాను. అతను వెళ్ళాక నవ్వు రాలేదు."

"స్క్రూలు తిప్పుకునేవాడి మాట పట్టుకుని."

"అతని మాట పట్టుకోలేదు. సీసా పట్టుకున్నాను. మన వంటింట్లో మూడో అరలో ఉండే పెద్ద గాజు సీసా. నాలుగు రోజులుగా అది కనపడలేదని వెతికావు చూడు, అదే."

"ఇలా ఇవ్వు ఆ కాగితాలు."

"చింపుతావా? చింపుకో. మెషిన్‌లో ఉన్నాయి, ఇంకో పది తీస్తాను."

"నీ కడుపుమంట నాకు తెలియదనుకున్నావా?"

"ఏం కడుపుమంట?"

"నువ్వు చదువు మధ్యలో వదిలేశావు. నేను చదివాను. ఈ ఉద్యోగానికి నిన్ను సిఫారసు చేసింది కూడా నేనే. మా వదిన పెట్టిన ఉద్యోగం అని వాళ్ళూ వీళ్ళూ అంటుంటే నీకు ఒళ్ళు మండుతుంది. ఈ రోజు నేను పైకి వెళ్తుంటే కాలు పట్టి లాగుతున్నావు."

"వదినా, ఆ మాట వెనక్కి తీసుకో."

"తీసుకోను."

"చదువు ఎందుకు వదిలేశానో నీకు తెలుసు. అమ్మ మంచం పట్టినప్పుడు నువ్వు ఈ కాలేజీలో చదువుకుంటున్నావు. నేను అమ్మకి మలమూత్రాలు ఎత్తాను. ఆ రోజుల్లో నిన్ను ఒక్క మాట అన్నానా? నువ్వే చదువుకో వదినా, మన ఇంట్లో ఒక్కరైనా చదువుకోవాలి అన్నాను. అనలేదా?"

"అన్నావు."

"మరి కడుపుమంట అంటావా నన్ను?"

"సరే, తప్పే. ఆ మాట అనకూడదు. కానీ నువ్వు చెప్పేది కూడా తప్పే. ఈ పదార్థం ఆకుల్లో ఉందని రాసినవాళ్ళు నేనొక్కదాన్నేనా? నలభై పేపర్లు వచ్చాయి. నలభైమందీ పిచ్చివాళ్ళా?"

"నలభైమందీ దేంట్లో నానబెట్టారు?"

"నాకేం తెలుసు?"

"నాకూ తెలియదు. పేపర్లో డబ్బా గురించి ఎవరు రాస్తారు? ఒకరు రాశారని ఇంకొకరు, ఇంకొకరు రాశారని నువ్వు."

"ఎండాకాలం ఆకులో ఎక్కువ ఉంది, చలికాలం ఆకులో తక్కువ ఉంది. దానికేమంటావు? ఒక చాప్టర్ మొత్తం దాని మీదే రాశాను. డబ్బాకి ఎండాకాలం తెలుసా?"

"తెలుసు. ఎండాకాలం ఈ గది కుంపటిలా ఉంటుంది. వేడికి ఎక్కువ దిగుతుంది. ఫ్యాను పాడైపోయిన నెల గుర్తుందా? పాత కాగితాలు తీసి చూశాను. అన్నిటికన్నా పెద్ద పీక్ ఆ నెలదే. నువ్వు ఆ నెల కోసిన ఆకు మహా శక్తిగలదని రాశావు."

"చాలు."

"ఆ ఆకుకి ఏ శక్తీ లేదు వదినా. ఫ్యాను తిరగలేదు, అంతే."

"చాలన్నాను. బ్లాంక్ నడిపావు కదా నువ్వు. ప్రతిసారీ, ఆకు నడిపేముందు ఉత్త సాల్వెంట్ నడిపి చూపించావు. గీత చదునుగా ఉండేది. దాని కింద నీ సంతకం ఉంది. డబ్బాలోంచే వస్తుంటే అప్పుడు ఎందుకు రాలేదు?"

"అదే చెప్దామని తలుపు వేశాను."

"చెప్పు."

"బ్లాంక్‌కి నేను కొత్త సీసా మూత తీసి నేరుగా పోసేదాన్ని. డబ్బాలో మూడు రోజులు ఉంచిన సాల్వెంట్ పొయ్యాలి. అది నాకు తట్టలేదు."

"తట్టలేదా?"

"తట్టలేదు. నువ్వు చెప్పలేదు, నేను అడగలేదు."

"అంటే తప్పు నీది."

"సగం నాది."

"సగమేంటి? నీ సంతకం. నీ బ్లాంక్. ఆరేళ్ళ పాటు నువ్వు నాకు ఉత్త సీసా చూపించి అంతా బాగుందన్నావు. నేను నమ్మాను. నా చేతులు చూడు, సాల్వెంట్‌కి ఎలా పొరలు లేచాయో. పెళ్ళిళ్ళకి వెళ్ళలేదు, పేరంటాలకి వెళ్ళలేదు, ఆదివారం అన్నది ఎలా ఉంటుందో తెలియదు. నువ్వు మాత్రం ఇప్పుడు, కమిటీకి రెండు గంటల ముందు, తట్టలేదు అంటావా?"

"రాసిస్తాను. తప్పు నాదని కమిటీకి రాసి సంతకం పెడతాను. నా ఉద్యోగం తీసేస్తే తీసెయ్యనీ. నువ్వు మాత్రం ఆ పీక్ పట్టుకుని పైకి వెళ్ళకు."

"రాసిస్తుందట. మహాత్యాగి."

"వెటకారం ఆపు. కమిటీ సరే అంటే ఏమవుతుంది? ఆసుపత్రిలో రెండొందలమంది షుగర్ రోగులకి ఈ రసం ఇస్తారు. దేంట్లో నానిన రసం? అదే డబ్బాలో. రెండొందలమందికి ప్లాస్టిక్ నీళ్ళు తాగిస్తావా?"

"నేను మనుషుల్ని చంపడానికి బయల్దేరానా?"

"నేను అలా అనలేదు."

"అన్నావు. మొహం మీదే అన్నావు. నిజం చెప్పు, నీకు కావలసింది ఏంటి? ఈ కోపం డబ్బా మీద కాదు. ఆరేళ్ళుగా చూస్తున్నాను నిన్ను, డబ్బాల కోసం ఇంత అరిచే మనిషివి కాదు."

"సరే, చెప్పనా?"

"చెప్పు."

"అన్నయ్య."

"ఏం చేశాను మీ అన్నయ్యని?"

"ఆయన మాత్రలు మాన్పించావు. రెండేళ్ళయింది. మాత్రల డబ్బా తీసుకెళ్ళి నువ్వే చెత్తబుట్టలో పడేశావు. నేను వంటింటి గుమ్మంలో నిలబడి చూశాను. పొద్దున్నే ఆరింటికి గ్లాసు పట్టుకుని ఆయన ఎదురుగా నిలబడతావు. ఆయన కళ్ళు మూసుకుని తాగుతాడు. బస్సు నడిపే మనిషి వదినా. ఎక్కడో మలుపులో కళ్ళు తిరిగితే? నాలుగు రోజుల నుంచీ ఆయన సైకిల్ తీసి డిపోకి బయల్దేరుతుంటే నా గుండె ఆగిపోతోంది. నీ పీక్ ఏమైపోతే నాకేం? నువ్వు మా అన్నయ్యకి మందు తీసేసి ఆకు నీళ్ళు పోస్తున్నావు."

"నేను మాన్పించలేదు. నీ ఆకు ఉండగా నాకు మాత్రలెందుకు అని ఆయనే అన్నారు."

"నీ మొహం చూసి అన్నాడు. నీ మాట ఎప్పుడైనా కాదన్నాడా ఆయన?"

"మరి షుగర్ తగ్గింది కదా. దానికేమంటావు? మాత్రలు వేసుకున్న రోజుల్లో రెండొందల అరవై. కషాయం మొదలుపెట్టాక మూడు నెలలకి నూట యాభై. ఇప్పుడు నూట ముప్పై. ఏడాదిగా కదల్లేదు. ఆ రక్తం తీసింది నువ్వు, పరీక్ష చేయించింది నువ్వు. అది కూడా డబ్బాలోంచి దిగిందా?"

"లేదు."

"మరి?"

"అదే నాకు అర్థం కాలేదు. ఇంట్లో నువ్వు స్టీలు గిన్నెలో నీళ్ళు పోసి కాస్తావు. ప్లాస్టిక్ తగలదు. నీ పీక్‌లో ఉన్నది ఆ కషాయంలో లేనే లేదు. ఉండే వీల్లేదు."

"ఆగు. ఆగు. ఇప్పుడు ఏమన్నావు?"

"ఏమన్నాను?"

"నా పీక్‌లో ఉన్నది ఆ కషాయంలో లేదు. అయినా షుగర్ తగ్గింది. అంటే ఆకులో ఇంకోటేదో ఉంది. నేను ఆరేళ్ళు తప్పు చోట తవ్వాను, అంతే. ఆకు మాత్రం పని చేస్తుంది. అర్థమవుతోందా నీకు? ఆకు పని చేస్తుంది."

"చెయ్యొచ్చు."

"చెయ్యొచ్చు ఏంటి, చేసింది. మన ఇంట్లోనే చేసింది."

"అన్నయ్య నంబర్లు చూస్తే... ఒప్పుకోక తప్పదు. అదొక్కటే నాకు కొరుకుడు పడలేదు."

"అయితే విను. పీక్ పేజీలు తీసేస్తాను. ఇరవైనాలుగో నిమిషం మాటే ఎత్తను. డబ్బా సంగతి నేనే చెప్తాను, నీ పేరు చెప్పను. ప్లాస్టిక్ ముట్టుకోకుండా స్టీలు గిన్నెలో కాచిన కషాయం ఇద్దాం అంటాను. సాక్ష్యానికి మీ అన్నయ్యని చూపిస్తాను. ఎలాగూ రమ్మన్నాను, డ్యూటీ దిగి వచ్చేస్తున్నారు. రెండేళ్ళుగా మాత్ర ముట్టని మనిషి, నిలువెత్తు సాక్ష్యం. ఏమంటావు?"

"ఒక్క మనిషితో ఒప్పుకుంటారా?"

"ఒక్కడితోనే మొదలవుతుంది ఏదైనా. రెండొందలమందితో ఖాయమవుతుంది. ఎవరో తలుపు కొడుతున్నారు. గొళ్ళెం తియ్యి."

"అన్నయ్యా. రా."

"ఏంటే, గొళ్ళెం పెట్టుకుని మరీ పోట్లాడుకుంటున్నారు? వరండా చివరిదాకా వినపడుతోంది. మీ ప్యూన్ నాకు దారి చూపించలేదు, అరుపులు వినపడే వైపు వెళ్ళండి అన్నాడు."

"ఏం లేదండీ. అయిపోయింది. మంచి సమయానికి వచ్చారు."

"అన్నం తెచ్చాను ఇద్దరికీ. తినకుండా అరిస్తే నీరసం వస్తుంది. చెల్లాయ్, ఆ బల్ల మీద సీసాలు పక్కకి జరుపు."

"ఇక్కడ తినకూడదు అన్నయ్యా."

"అరవచ్చు గానీ తినకూడదా? బాగుంది మీ ల్యాబ్."

"అన్నం తర్వాత తిందాం. కూర్చోండి. మూడింటికి కమిటీ ముందు మీరు రెండు మాటలు చెప్పాలి."

"నేనేం చెప్తాను? డ్రైవర్ని. హారన్ కొట్టమంటే కొడతాను."

"హాస్యం కాదండీ. మాత్రలు ఎప్పుడు మానేశారు, కషాయం ఎప్పుడు మొదలుపెట్టారు, షుగర్ ఎంత నుంచి ఎంతకి దిగింది. ఈ మూడే. కాగితాలు నా దగ్గర ఉన్నాయి. మీరు అవునంటే చాలు."

"కాగితాలు ఉన్నాక మనిషెందుకు?"

"మనిషిని చూస్తే నమ్ముతారు. ఇప్పుడు నాకు మిగిలింది మీరొక్కరే."

"అదేంటి? ఆ పీక్ ఏదో ఉందిగా. నెల కిందట ఫ్రేము కట్టిస్తానన్నావు దానికి."

"పీక్ లేదు అన్నయ్యా. అది ప్లాస్టిక్ డబ్బాది. ఇంతసేపూ దాని గురించే గొడవ."

"అయ్యో. ఆరేళ్ళూ?"

"ఆరేళ్ళూ. పోనీండి, ఏడవను. మీరున్నారు కదా. ఆకు పని చేసిందనడానికి మీ ఒళ్ళే రుజువు."

"నాకొకటి చెప్పు. మీ కమిటీ సరే అన్నాక ఏం చేస్తారు?"

"ఆసుపత్రిలో రెండొందలమందికి కషాయం ఇస్తారు."

"మాత్రలతో పాటేనా?"

"పాటు ఇస్తే ఏది పని చేసిందో ఎలా తెలుస్తుంది? మాత్రలు ఆపాలి. మీకు ఆపినట్టే."

"ఆపొద్దు."

"ఏంటండీ?"

"వాళ్ళ మాత్రలు ఆపొద్దు. అన్నం తినండి ముందు, చల్లారిపోతుంది."

"అన్నం సంగతి వదిలెయ్యండి. ఎందుకు ఆపొద్దు?"

"ఊరికే. ఎవరి ఒళ్ళు ఎలాంటిదో. నాకు పడింది అందరికీ పడాలని ఏముంది?"

"ఆ సంగతి డాక్టర్లు చూసుకుంటారు. మీరు అవునంటారా, లేదా?"

"నన్ను పిలవకపోతే కుదరదా? మధ్యాహ్నం ట్రిప్పు ఒకటి ఉంది."

"మధ్యాహ్నానికి సెలవు పెట్టానన్నారుగా."

"సెలవు... రద్దు చేశారు."

"అన్నయ్యా, నా వైపు చూడు. నువ్వు అబద్ధం ఆడేటప్పుడు చెవి గోక్కుంటావు. చిన్నప్పటి నుంచీ అంతే."

"నువ్వు ఊరుకోవే."

"ఊరుకోను. ఏం దాస్తున్నావు?"

"నేను చెప్తాను ఏం దాస్తున్నారో. తాగలేదు. అంతేనా? చేదని తాగలేదు. నేను అటు తిరగగానే వాష్‌బేసిన్‌లో పోశారు. పొద్దున్నే ఐదింటికి లేచి, పొయ్యి దగ్గర నిలబడి నేను కాచిందంతా తూములో పోసేసి, రెండేళ్ళు నన్ను వెర్రిదాన్ని చేశారు. అవునా కాదా?"

"కాదు. కాదు. ఆ మాట అనకు."

"మరి చెప్పండి. ఒళ్ళు మండిపోతోంది నాకు. ఇందాకటి నుంచీ ఈవిడ, ఇప్పుడు మీరు. నా ఆరేళ్ళు ఒక ప్లాస్టిక్ డబ్బాలో పోయాయి, ఇక నన్ను ఎవరూ బుజ్జగించక్కర్లేదు. తాగారా, పారబోశారా?"

"తాగాను."

"ప్రతి రోజూనా?"

"ప్రతి రోజూ. నీ ఎదురుగానే."

"అయితే రెండొందలమందికి ఎందుకు ఆపొద్దంటున్నారు?"

"నా వెనకాల రోజూ యాభైమంది కూర్చుంటారు. నా కళ్ళు తిరిగితే వాళ్ళ ఇళ్ళల్లో ఏమవుతుందో తెలుసు నాకు. నీకు చెప్తే బాధపడతావని చెప్పలేదు. కానీ ఇప్పుడు రెండొందలమంది అంటున్నావు."

"ఏం చెప్పలేదు నాకు?"

"కోప్పడకు."

"కోప్పడే ఓపిక అయిపోయిందండీ. చెప్పండి."

"నీ కషాయం ఒక్క చుక్క పారబొయ్యలేదు. ఒట్టు. ఇదివరకు మాత్ర వేసుకోవడం మూడు రోజులకి ఒకసారి మర్చిపోయేవాణ్ణి. నువ్వు రోజూ ఆరింటికి గ్లాసు పట్టుకుని ఎదురుగా నిలబడ్డాక, డిపోలో దాచుకున్న మాత్ర ఈ రెండేళ్ళలో ఒక్క రోజు కూడా మర్చిపోలేదు."